పెంపుడు పిల్లికి ఫ్లూ తగిలిందా? విశాఖ ఇళ్లలో కనిపెట్టి చూసే పద్ధతి

పిల్లికి ఫ్లూ (బర్డ్ ఫ్లూ గానీ, మనుషుల ఫ్లూ గానీ) అనుమానం రాగానే చాలామంది అడిగేది పరీక్ష ఎక్కడ చేస్తారని. అంతకంటే ముందు తేలాల్సింది తేదీ. పచ్చి చికెన్ ఏ రోజు తింది, పక్షిని ఏ రోజు పట్టింది, ఇంట్లో ఎవరికి ఎప్పుడు జ్వరం మొదలైంది అన్నవి తెలియాలి. వైరస్ గొంతులో, ముక్కులో దొరికేది కొద్ది రోజులే. రక్తంలో యాంటీబాడీలు పైకి రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తేదీ తెలియకుండా తీసిన శాంపిల్ నెగెటివ్ వస్తే జబ్బు లేదనీ చెప్పలేం, ఉందనీ చెప్పలేం. అందుకే ఈ నిఘా ల్యాబ్‌లో కాదు, ఇంట్లో ఒక నోట్‌బుక్‌తో మొదలవుతుంది.

ఒక అపోహ ముందే తీసేద్దాం. ఏటా వేయించే క్యాట్ ఫ్లూ టీకా హెర్పిస్, కాలిసి వైరస్‌లకు పనిచేస్తుంది. ఇన్‌ఫ్లూయెంజాకు దానితో సంబంధం లేదు. పిల్లులకు ఇన్‌ఫ్లూయెంజా టీకా వేయడం మన దగ్గర లేదు. దానివల్ల ఒక మేలు కూడా ఉంది. పెద్ద పిల్లి రక్తంలో ఇన్‌ఫ్లూయెంజా యాంటీబాడీలు కనబడితే అవి టీకా వల్ల వచ్చాయేమోనన్న సందేహం అక్కర్లేదు, వైరస్ తగిలిందనే లెక్క.

వైరస్ ఏ దారిన వస్తుంది

మన ఊళ్లో మొదట చూడాల్సింది చికెన్ కవరు. చికెన్ సెంటర్‌లో ‘పిల్లికి’ అని అడిగితే తలకాయలు, కాళ్లు, స్కిన్, కాస్త కార్జం, కందనకాయ కలిపి ఓ నల్ల కవర్లో వేసిస్తారు. దాన్ని ఇంటికి తెచ్చి పచ్చిగా పెట్టేవాళ్లు, గోరువెచ్చని నీళ్లలో ముంచి పెట్టేవాళ్లు ఉన్నారు. రెండూ ఒకటే. 2004లో థాయిలాండ్‌లో ఒక జూలో పులులు గుంపుగా చనిపోయింది పచ్చి కోడి కళేబరాలు తినే. 2024 డిసెంబరులో నాగ్‌పూర్ గోరెవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయాయి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనే అది బయటపడింది. ఆ మరుసటి నెల మన గోదావరి జిల్లాల్లో, తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం వైపు కోళ్ల ఫారాల్లో నిర్ధారణ అయింది. ఫారం మనకు ఎంత దూరంలో ఉందన్నది ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. కోళ్లు, గుడ్ల ట్రేలు, వ్యాన్లు జిల్లాలు దాటి వస్తూనే ఉంటాయి.

పిల్లికి చికెన్ మాన్పించక్కర్లేదు, ఉడికించి పెడితే చాలు. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ దాటితే వైరస్ బతకదు. ప్రెజర్ కుక్కర్లో నీళ్లు పోసి మూడు నాలుగు విజిల్స్ రానిస్తే ఆలోచించాల్సిన పని ఉండదు. విడి గిన్నెలో అయితే నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం పావుగంట ఉంచి, అన్నిటికంటే లావు ముక్కను కోసి చూడాలి. లోపల గులాబీ రంగు, ఎర్ర నీరు ఉండకూడదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయొద్దు. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి గొంతులో గుచ్చుకుంటాయి, తీసేసి పెట్టాలి. డీప్ ఫ్రిజ్‌లో పెడితే మాంసంలోని వైరస్ చావదు, అంటించేంతగా మిగిలే ఉంటుంది. కుళాయి కింద కడిగితే పోతుందనుకోవడమూ పొరపాటే. ఆ చిందులు సింకు చుట్టూ, పిల్లి నీళ్ల గిన్నె మీదా పడతాయి. కవరు విప్పేటప్పుడు పిల్లి వంటింట్లో ఉండకూడదు. కారిన రక్తం నాకిందంటే తిన్నట్టే రాసుకోవాలి.

రెండో దారి పక్షులు. అపార్ట్‌మెంట్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద కాపురముండే పావురాలు, పిట్టగోడ మీద కాకులు. పావురాలకు హెచ్5ఎన్1 అంత తేలిగ్గా అంటుకోదు, అయినా 2004లో థాయిలాండ్‌లో ఒక పిల్లి పావురం కళేబరం తిన్నాకే చనిపోయింది. మన దేశంలో బర్డ్ ఫ్లూను ముందుగా పట్టిచ్చేవి చాలాసార్లు కాకులే. 2020 డిసెంబరు చివర్లో రాజస్థాన్‌లో మొదట రాలిపడింది అవే. బాతులు, నీటి పక్షుల్లో వైరస్ జబ్బు చూపకుండానే తిరుగుతుంటుంది. కాబట్టి మేఘాద్రి గెడ్డ, కొండకర్ల ఆవ పరిసరాల్లో, పెందుర్తి, ఆనందపురం, భీమిలి వైపు పెరట్లో కోళ్లు, బాతులు ఉన్న ఇళ్లలో బయట తిరిగే పిల్లులకు వలస పక్షుల కాలమంతా, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఫిషింగ్ హార్బర్ పిల్లుల గురించి కూడా చాలామందికి సందేహం. చేపకు ఈ ఫ్లూ రాదు, చేప తింటే పిల్లికి ఈ ఫ్లూ రాదు. అక్కడ భయపడాల్సింది చేపల చెత్త కోసం వాలే పక్షుల రెట్టలు, చచ్చిపడిన పక్షులు.

మూడో దారి మనమే. 2009 నాటి స్వైన్ ఫ్లూ (హెచ్1ఎన్1) మనుషుల నుంచి ఇంటి పిల్లులకు సోకినట్టు అమెరికాలో తేలింది. మన దేశంలో సీజనల్ ఫ్లూ జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు మొదలైతే ఆ మనిషి పిల్లిని పక్కలో పడుకోబెట్టుకోకూడదు. అన్నం పెట్టడం ఇంకొకరు చేయాలి, కుదరకపోతే మాస్క్ వేసుకుని పెట్టాలి. కోళ్ల ఫారంలోనో చికెన్ సెంటర్‌లోనో పనిచేసేవాళ్లు ఇంట్లో ఉంటే చెప్పులు గుమ్మం బయటే విడవాలి. పిల్లులు చెప్పులు నాకుతాయి, వాటి మీద పడుకుంటాయి కూడా.

పాల సంగతి: 2024లో టెక్సాస్ డైరీల్లో జబ్బు ఆవుల పచ్చి పాలు తాగిన పిల్లులు సగానికి పైగా చనిపోయాయి. మన ఆవుల్లో, గేదెల్లో అలాంటిది బయటపడలేదు. కాచిన పాలే పోసే అలవాటు ఉంటే దీని మీద తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

రోజూ పేజీలు నింపమని కాదు. మామూలు రోజుల్లో వారానికి ఒకసారి బరువు, అంతే. బాత్రూమ్ స్కేల్ మీద మీరు పిల్లిని ఎత్తుకుని నిలబడి ఒకసారి, దించి ఇంకోసారి చూసి తీసేస్తే సరిపోతుంది. కానీ పైన చెప్పిన దారుల్లో ఏదైనా జరిగిన రోజు మాత్రం గంటతో సహా రాయాలి. ఒక ఎంట్రీ ఇలా ఉంటే పశువైద్యుడికి పనికొస్తుంది:

‘ఫిబ్రవరి 11, ఉదయం 6.40. చిట్టి బాల్కనీలో పావురాన్ని పట్టింది. పావురం అప్పటికే ఎగరలేకుండా ఉంది, మెడ పక్కకి వాలిపోయింది. ఛాతీ దగ్గర కొరికి ఈకలు పీకింది, మాంసం కొంచెం తింది. 6.50కి లాగేశాం, గ్లోవ్స్ లేవు, ఉత్త చేత్తో పట్టుకున్నది నాన్న. పక్షి ఫొటో తీశాం. అదే మెట్ల కింద నిన్న ఒక కాకి చచ్చి ఉంది. చిట్టి బరువు 3.8 కిలోలు, పొద్దున్న అన్నం మామూలుగా తింది.’

పక్షి ముందే జబ్బుగా ఉందా, ఎంత తింది, చేత్తో ముట్టుకున్నది ఎవరు, చుట్టుపక్కల ఇంకేమైనా చచ్చాయా అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. ‘పక్షిని పట్టింది’ అని ఒక్క ముక్క రాస్తే మూడు రోజుల తర్వాత ఎవరికీ ఏమీ గుర్తుండదు.

చచ్చిన పక్షుల లెక్క విడిగా పెట్టుకోవాలి. ఒక్క కాకి చచ్చిందంటే కరెంటు తీగ కావచ్చు, ఒక్క పావురం గాలిపటం మాంజా కావచ్చు. ఒకే చోట ఒకటి రెండు రోజుల్లో మూడు నాలుగు రాలితే, ఎగరలేక మెడ తిప్పుకుంటూ తిరిగేవి కనబడితే, పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. 1962 టోల్ ఫ్రీ నంబరు ఉంది, దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో చెప్పినా సరే. పక్షిని ముట్టుకోకుండా తొట్టె బోర్లించి కప్పి ఉంచండి. తప్పనిసరై తీయాల్సి వస్తే చేతికి కవరు తొడుక్కుని పట్టుకుని, ఆ కవర్నే తిరగేసి ముడేసి, ఇంకో కవర్లో పెట్టాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చెత్త బండిలో వేయొద్దు.

పద్నాలుగు రోజుల గమనింపు

పచ్చి కోడిమాంసం, జబ్బు పక్షి, ఉన్నట్టుండి చచ్చిన ఇంకో పిల్లి: ఈ మూడింటిలో ఏది తగిలినా ఆ రోజును సున్నాగా పెట్టి 14 రోజులు లెక్కపెట్టాలి. పిల్లిని ఒక గదిలో ఉంచి తలుపు వేయాలి. దాని గిన్నె, లిట్టర్ ట్రే, తువ్వాలు దానికే. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే కలవనివ్వకూడదు. పిల్లలు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు ఆ గదిలోకి వెళ్లకూడదు. లక్షణాలు వచ్చేవి ఎక్కువగా మొదటి వారంలోనే, కాబట్టి రెండో రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకు రెండుసార్లు చూడాలి, తర్వాత ఒకసారి చాలు.

చూడాల్సినవాటిలో అన్నిటికంటే నమ్మదగ్గది శ్వాస. పిల్లి నిద్రపోతున్నప్పుడు డొక్క పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. నిమిషానికి 15 నుంచి 30 మధ్య ఉంటే మామూలే. 40 దాటితే ఆలస్యం చేయొద్దు. గుర్రుగుర్రుమంటున్నప్పుడు, ఆడుకుని వచ్చిన వెంటనే లెక్కపెట్టిన అంకె పనికిరాదు. విశాఖ మే నెల ఉక్కలో కుక్క నాలుక చాపితే పట్టించుకోం, పిల్లి నోరు తెరిచి రొప్పితే మాత్రం ఎండ అని సరిపెట్టుకోకూడదు. లెక్క తప్పుతుందనుకుంటే ఫోన్‌లో 30 సెకన్ల వీడియో తీసి డాక్టరుకు పంపండి. నడక తేడాగా ఉన్నా వీడియోనే మేలు, మాటల్లో ‘తూలుతోంది’ అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది.

జ్వరం చూడటానికి మెత్తని మొన ఉన్న డిజిటల్ థర్మామీటరు కావాలి. మొనకు వాజిలిన్ రాసి మలద్వారంలో ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు పెట్టాలి. 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు, 103 దాటితే జ్వరం. చెవి పట్టుకుని వేడిగా ఉందనడం లెక్కలోకి రాదు. గీరుతుంది, కరుస్తుంది అనుకుంటే వదిలేయండి. అనుమానం ఉన్న పిల్లితో పెనుగులాడి దాని తుమ్ములు మీ ముఖాన పడటం కంటే ఆ అంకె లేకపోయినా నష్టం లేదు.

మిగతావి: తిండి ఎంత వదిలేసింది, ముక్కు కారడం, కళ్ల పుసి, చొంగ, మూలన నక్కి కూర్చోవడం, వెనక కాళ్లు లాగడం, గుండ్రంగా తిరగడం, మూర్ఛ, ఉన్నట్టుండి చూపు పోవడం. పిల్లుల్లో హెచ్5ఎన్1 తుమ్ములతోనే మొదలవుతుందని అనుకోవద్దు. అది మెదడుకు వేగంగా ఎక్కుతుంది, చాలా పిల్లుల్లో ఊపిరి కష్టం, తూలడం, మూర్ఛ కలిసి రెండు మూడు రోజుల్లో ముంచేస్తాయి. ఛింద్వాడా పిల్లుల్లో మొదట కనిపించింది కొద్దిపాటి జ్వరం, తిండి మానడం, మందకొడితనమే. తుమ్ములు, ముక్కు కారడం మాత్రమే ఉండి పిల్లి హుషారుగా తింటుంటే అది చాలావరకు హెర్పిసో, కాలిసియో.

నరాల లక్షణాలు కనబడితే ఇంకో రెండు అనుమానాలు పక్కన పెట్టకూడదు. ఒకటి రేబిస్. కరిచినా గీరినా పుండును సబ్బుతో పావుగంట పారే నీటి కింద కడిగి, అదే రోజు కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కో దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో వెళ్లి టీకా మొదలుపెట్టాలి. ఫ్లూ ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. రెండోది విషం. కుక్కల పిడుదుల మందు పిల్లి మెడ మీద వేసినా ఇలాగే వణుకు, మూర్ఛ వస్తాయి. ఆ వారంలో వాడిన మందులు, చల్లిన పురుగుమందులు కూడా నోట్‌బుక్‌లో ఉండాలి.

జ్వరం ఉందని పారాసెటమాల్ వేయొద్దు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు.

ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి ‘పచ్చి చికెన్ తింది, నాలుగో రోజు, ఆయాసం’ అని ఆ మూడు ముక్కలూ చెప్పండి. చెప్పకుండా వెళ్లి వెయిటింగ్ హాల్లో ఇంకో పది జంతువుల మధ్య కూర్చోబెడితే అందరికీ అంటించినట్టే. బుట్టపైన పల్చటి గుడ్డ కప్పి, కారు అద్దాలు దించి, మీరు ఎన్95 మాస్క్ వేసుకుని వెళ్లాలి. ఆటో, బస్సు వద్దు.

శాంపిల్ తీయించడం

జబ్బుగా ఉన్న పిల్లికి ఇంట్లో స్వాబ్ తీయొద్దు. కోవిడ్ రోజుల నుంచి ఇంట్లో మిగిలిన కిట్‌తో ప్రయత్నించేవాళ్లు ఉన్నారు. పిల్లి గొంతులో స్వాబ్ పెడితే అది మీ కళ్లలోకే దగ్గుతుంది. మనుషుల ర్యాపిడ్ కిట్లు పిల్లుల కోసం తయారైనవి కావు, వాటిలో నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోకూడదు. పశువైద్యుడు తీయాలి. ఎన్95, కళ్లద్దాలు, గ్లోవ్స్, పొడుగు చేతుల గౌను ఉండాలి. కిందివి క్లినిక్‌లో పనిచేసేవాళ్లకు, షెల్టర్లు నడిపేవాళ్లకు.

స్వాబ్ మొన పాలియెస్టర్‌దో నైలాన్‌దో అయి, పుల్ల ప్లాస్టిక్‌దై ఉండాలి. చెక్క పుల్లకు చుట్టిన దూది, వైరస్ జన్యువును వెతికే పరీక్ష పీసీఆర్‌ను చెడగొడుతుంది. గొంతు వెనక భాగం నుంచి ఒకటి, రెండు ముక్కు రంధ్రాల నుంచి సన్న మొనతో ఒకటి తీసి ఒకే వీటీఎం (వైరస్‌ను ల్యాబ్ దాకా పాడవకుండా ఉంచే ద్రవం) ట్యూబులో వేయొచ్చు. మలద్వారం నుంచి తీసింది మాత్రం వేరే ట్యూబులో. ట్యూబుకు 2 మి.లీ. వీటీఎం చాలు, ఎక్కువ పోస్తే పల్చబడిపోతుంది. వీటీఎం లేత గులాబీ రంగులో ఉండాలి. పసుపు తిరిగినా మసకబారినా పారేయండి. కొన్ని కోవిడ్ కిట్లలో ఉండేది వీటీఎం కాదు, గ్వానిడిన్ అనే రసాయనం ఉన్న ద్రవం. పీసీఆర్‌కు అది పనికొస్తుంది, వైరస్‌ను పెంచి చూడటానికి పనికిరాదు. అది ఒలికితే బ్లీచింగ్‌తో తుడవకూడదు, విషవాయువు వస్తుంది.

ఎప్పుడు తీయాలి? లక్షణాలు మొదలైతే మొదటి మూడు రోజుల్లో. పిల్లి బాగానే ఉండి తగిలిన తేదీ తెలిస్తే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. మొదటి రోజే తీసేస్తే వైరస్ ఇంకా పెరిగి ఉండదు. పదిహేనో రోజు తీస్తే వెళ్లిపోయి ఉంటుంది.

స్వాబ్‌లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి 72 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. అంతకంటే ఆలస్యమైతే మైనస్ 70 కావాలి. ఇంటి ఫ్రీజర్లో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. మైనస్ 18, 20ల దగ్గర వైరస్ పూర్తిగా చావదు గానీ, స్వాబ్‌లో ఉన్న కొద్దిపాటిది పరీక్షకు అందనంతగా దెబ్బతింటుంది, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే గడ్డ కడుతూ కరుగుతూ ఇంకా పాడుచేస్తుంది. మన ఊళ్లో ఎక్కువగా చెడేది ఇంకోచోట: శాంపిల్‌ను స్కూటర్ డిక్కీలో పెట్టి, మధ్యలో ఓ పని చూసుకుని, మధ్యాహ్నానికి ఇవ్వడం. థర్మాకోల్ డబ్బాలో నాలుగు వైపులా జెల్ ఐస్ ప్యాకులు పెట్టాలి, ప్యాకుకూ ట్యూబుకూ మధ్య న్యూస్‌పేపరు మడత ఉండాలి, లేకపోతే ఆనుకున్న ట్యూబు గడ్డకడుతుంది. ట్యూబు చుట్టూ దూది, దానిపైన జిప్ కవరు, ఆపైన మూత బిగించే ప్లాస్టిక్ డబ్బా, ఆపైన థర్మాకోల్. లేబుల్ మీద పిల్లి పేరు, నంబరు, శాంపిల్ రకం, తగిలిన తేదీ, తీసిన తేదీ రాసి పైన సెలోటేప్ అతికించండి. మార్కర్ సిరా స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది, ఐస్ తేమకు స్టిక్కరే ఊడొస్తుంది.

రక్తానికి పద్ధతి వేరు. పెద్ద పిల్లికి 2 మి.లీ. తీస్తే ఇబ్బంది ఉండదు. మందు కలపని గడ్డకట్టే ట్యూబులో పోసి, నీడలో గంటసేపు కదపకుండా ఉంచి, పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ తిప్పి పైన తేరిన సీరం తీయాలి. అర మి.లీ. వచ్చినా పరీక్షకు చాలు. రక్తాన్ని అలాగే గడ్డకట్టిస్తే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రగా అయిపోతుంది, ఇక దానితో పనిలేదు. విడదీసిన సీరం మాత్రం మైనస్ 20లో నిశ్చింతగా ఉంటుంది. మొదటి సీరం వీలైనంత తొందరగా, రెండోది మూడు వారాలకు. నాలుగు నెలలలోపు కూనలకు సీరం పరీక్ష వద్దు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తప్పుదారి పట్టిస్తాయి.

హెచ్5 అనుమానం ఉన్న శాంపిల్ ప్రైవేటు ల్యాబ్‌కు కొరియర్ చేసేది కాదు. జిల్లా పశుసంవర్ధక శాఖ ద్వారా వెళ్లాలి. దేశంలో దీన్ని నిర్ధారించే జాతీయ రిఫరల్ ల్యాబ్ భోపాల్‌లోని ఐకార్ హై సెక్యూరిటీ జంతు వ్యాధుల సంస్థ.

ఫలితం ఎలా చదవాలి

పీసీఆర్‌లో ముందు ఎం జన్యువు వెతుకుతారు, అది ఉంటే ఇన్‌ఫ్లూయెంజా ఏ అని అర్థం. తర్వాత హెచ్5, హెచ్1, హెచ్3 లాంటివి విడదీస్తారు. ‘ఇన్‌ఫ్లూయెంజా ఏ పాజిటివ్’ దగ్గరే ఆగి బర్డ్ ఫ్లూ అని వీధంతా చాటొద్దు. ఇంట్లో మీకు వచ్చిన మామూలు ఫ్లూయే కావచ్చు. రక్తంలో యాంటీబాడీలు వెతికే ఎలైజా కూడా అంతే, ఇన్‌ఫ్లూయెంజా ఏ తగిలిందని చెబుతుంది, ఏ రకమో చెప్పదు. రకం తేలాలంటే, ఆ యాంటీబాడీలు ఏ రకం వైరస్‌ను అడ్డుకుంటాయో చూసే హెచ్‌ఐ పరీక్షో న్యూట్రలైజేషనో కావాలి. రెండు సీరాల మధ్య టైటర్, అంటే యాంటీబాడీల మోతాదు, నాలుగు రెట్లు పెరిగితే, అంటే 1:20 నుంచి 1:80కి వెళ్తే, ఈ మధ్యే తగిలినట్టు. రెట్టింపు మాత్రమే పెరిగితే అది పరీక్షలో వచ్చే తేడా కావచ్చు. అందుకే రెండు సీరాలనూ ఒకే రోజు, ఒకే ప్లేటులో నడపమని అడగాలి. ఒక్క సీరంలో పాజిటివ్ వస్తే ఎప్పుడో తగిలిందని తప్ప ఎప్పుడన్నది తేలదు.

స్వాబ్ నెగెటివ్ వచ్చి పిల్లి మూర్ఛలతో చనిపోతే కథ అయిపోలేదు. ముక్కులో దొరకని వైరస్ మెదడులో దొరికిన సందర్భాలు ఉన్నాయి. కళేబరాన్ని రెండు కవర్లలో కట్టి, చుట్టూ ఐస్ పెట్టి, గడ్డకట్టించకుండా, పశుసంవర్ధక శాఖ చెప్పిన చోటికి పంపాలి. గెడ్డలో పడేయడం, పెరట్లో పైపైన పూడ్చడం వద్దు, కుక్కలు తవ్వేస్తాయి. క్లినిక్ టేబుల్ మీద పోస్ట్‌మార్టం చేయమని డాక్టరును ఒత్తిడి చేయొద్దు.

గది శుభ్రం, మనుషుల జాగ్రత్త

ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, సబ్బు నీళ్లకే ఆ పొర చెదిరిపోతుంది. ముందు సబ్బుతో కడిగి మురికి పోయాక బ్లీచింగ్. మురికి మీద పోసిన క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది. 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరు నీటికి 15 గ్రాములు, అర శాతం ద్రావణం అవుతుంది. నాలుగైదు శాతం ద్రవ బ్లీచ్ అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లిని వదలాలి. అది పాదాలు నాక్కుంటుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. మన ఉప్పుగాలి తేమకు మూట విప్పిన పౌడరు తొందరగా నీరుగారిపోతుంది, ఘాటు వాసన రాకపోతే కొత్తది కొనండి. బ్లీచింగ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో కలపొద్దు.

ఫినాయిల్, డెటాల్ పిల్లి తిరిగే నేల మీద వద్దే వద్దు. ఆ రకం మందుల్ని పిల్లి కాలేయం విరగ్గొట్టుకోలేదు. ఫ్లూ రాకుండా చూడబోయి ఫినాయిల్‌తో పిల్లిని పోగొట్టుకోవడం నిజంగా జరిగే పనే.

లిట్టర్‌ను పొడిగా ఊడ్చి దుమ్ము లేపకండి. నీళ్లు చిలకరించి, రెండు కవర్లలో కట్టి తీయండి.

పాజిటివ్ పిల్లిని గానీ జబ్బు పక్షిని గానీ మాస్క్ లేకుండా ముట్టుకున్నవాళ్లు ఆ చివరి రోజు నుంచి పది రోజులు తమ జ్వరం, దగ్గు, గొంతు నొప్పి, కళ్లు ఎర్రబడటం చూసుకోవాలి. కళ్లు ఎర్రబడటాన్ని కండ్లకలక అని వదిలేయకండి. ఏదైనా వస్తే డాక్టరు దగ్గర మొదటి మాటగా పిల్లి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఫ్లూ మందు ఓసెల్టామివిర్ 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పిల్లి నుంచి మనిషికి రావడం అరుదు. 2016లో న్యూయార్క్ షెల్టర్లలో వందలాది పిల్లులకు ఇంకో రకం బర్డ్ ఫ్లూ, హెచ్7ఎన్2 వచ్చినప్పుడు వాటిని చూసిన ఒక పశువైద్యుడికి స్వల్పంగా సోకింది. అరుదే కానీ పచ్చి మాంసం దగ్గర పిల్లల విషయంలో ఉదాసీనత పనికిరాదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో హెచ్5ఎన్1తో చనిపోయిన పసిబిడ్డ పచ్చి కోడిమాంసం తిన్నట్టు తేలింది.

ఎక్కువ పిల్లులున్న చోట

షెల్టర్‌లోనో, వీధి పిల్లులకు అన్నం పెట్టే చోటో ప్రతి పిల్లికీ పరీక్ష చేయించడం అయ్యే పని కాదు. ఎన్నింటికి చేస్తే ఏం చెప్పగలమో లెక్క ఉంది. పెద్ద గుంపులో పది శాతం పిల్లులకు వైరస్ తగిలి ఉంటే, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి 29 పిల్లుల సీరం కావాలి. ఐదు శాతమే అయితే 59, ఒక శాతమైతే 299. యాభై పిల్లుల షెల్టర్‌లో పది శాతం కోసం 22 చాలు. ఈ లెక్క పిల్లుల్ని చీటీలు తీసినట్టు ఎంచుకుంటేనే నిలుస్తుంది. చేతికి చిక్కే సాధు పిల్లుల్నే తీస్తే బయట తిరిగి పక్షుల్ని పట్టేవి జారిపోతాయి, నెగెటివ్ వచ్చినా విలువ ఉండదు. డబ్బు తక్కువైతే ఇంకో దారి: చీటీలు మానేసి, వేటాడే పిల్లులు, చికెన్ వేస్ట్ తిన్నవి, కొత్తగా వచ్చినవి మాత్రమే తీయండి. అప్పుడు శాతాలు చెప్పలేరు, కానీ వైరస్ ఉంటే దొరికే అవకాశం ఎక్కువ.

కొత్త పిల్లిని 14 రోజులు విడిగా ఉంచండి. చేరిన రోజే అర మి.లీ. సీరం తీసి, తేదీ రాసి, మైనస్ 20లో దాచండి. వెంటనే పరీక్ష చేయించక్కర్లేదు. ఆ పిల్లి తర్వాతెప్పుడైనా జబ్బు పడితే పోల్చి చూడటానికి మొదటి సీరం చేతిలో ఉంటుంది.